జనవరి ఒకటిన పుట్టని పిల్ల

కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టబోయే కుర్రవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఒక మాట చెప్పాలి. మన పనిలో ఒక దురలవాటు ఉంది. జ్వరానికీ దగ్గుకీ నడుంనొప్పికీ ఒకే ఇంజెక్షన్ పొడిచే డాక్టర్ని చూసి మనం నవ్వుతాం. మనం చేసేదీ అదే. మెషీను నెమ్మదిస్తే ఫార్మాట్, వైరస్ అంటే ఫార్మాట్, చివరికి మౌస్ కదలకపోయినా ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ ఎక్కిస్తాం. నలభై నిమిషాల్లో పని అయిపోతుంది. పాతది ఎందుకు పాడయిందో ఆలోచించే బాధ ఉండదు. ఆ పని నేను పందొమ్మిదేళ్ళు చేశాను. నా నోటుపుస్తకాల్లో రాసుకున్నవే పదకొండు వందల ముప్ఫై ఉన్నాయి. వాటిలో ఒక్కదాని గురించి ఇప్పుడు రాస్తున్నాను. కోపంతో రాస్తున్నాను, అందులో సగం నా మీదే.

రాయగడ దగ్గర తెరుబలి ఫ్యాక్టరీలో నేను లారీలు తూచే కాటా మీద పనిచేశాను. లారీ లోపలికి వస్తే నిండు బరువు, సరుకు దింపి బయటికి వెళ్తుంటే ఖాళీ బరువు, రెంటికీ తేడా. ఇరవై ఆరేళ్ళు ఇదే పని. ఇంటర్ తప్పినవాణ్ణి. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, లారీలే నేర్పాయి. ఏ లారీ నంబరు చూసినా రాసుకోకుండా ఉండలేని జబ్బు కూడా అప్పుడే పట్టుకుంది. తర్వాత కాటా తనంతట తనే రాసుకోవడం మొదలుపెట్టింది. కాటా మీదున్న మా నలుగురినీ పెందలాడే పదవీ విరమణ తీసుకోమన్నారు. రాయగడలో ఒక గది అద్దెకు తీసుకుని, అప్పటిదాకా ఆదివారాల్లో చేసే కంప్యూటర్ పనినే రోజూ చేయడం మొదలుపెట్టాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు టౌన్‌షిప్పుల్లో చిన్న ఉద్యోగులు, బజారులో కొట్లు ఉన్నవాళ్ళు. పిల్లలకు కంప్యూటర్ కావాలి, పదివేలు దాటకూడదు. అలా కట్టడం నాకు బాగా వచ్చు. మూతబడ్డ ఇంటర్నెట్ సెంటర్ల నుంచి బోర్డు, ఆఫీసులు తీసేసిన మానిటర్, ఎక్కడో దొరికిన ర్యామ్, తుప్పు రుద్ది రంగేసిన క్యాబినెట్. కరెంటు పెట్టె ఒక్కటే కొత్తది కొనాలి. అక్కడ కక్కుర్తి పడితే మిగతావన్నీ కాలిపోతాయి. ఇక హార్డ్ డిస్కులు పెళ్ళిభోజనాల గుండిగల్లాంటివి. ఒకరింట్లో వాడినదాన్ని కడిగి ఇంకొకరింటికి పంపేవాణ్ణి. కడగడమంటే మళ్ళీ ఫార్మాటే.

మూడేళ్ళ కిందట ఆషాఢంలో ఒక పగటివేళ, గొడుగు విదిలించుకుంటూ ఒక పెద్దావిడ దుకాణంలోకి వచ్చింది. వెనక ఒక అమ్మాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు. పెద్దావిణ్ణి చూడగానే గుర్తుపట్టాను. దసమంతపూర్ వైపు ఒక చిన్న ధర్మాసుపత్రి ఉండేది, మూతబడి చాలా కాలమైంది. అక్కడ కాన్పులు చేసిన నర్సమ్మ. శ్రీకాకుళం జిల్లా మనిషి. ఈ కొండల్లో ముప్ఫై ఏళ్ళుండి ఒడియా, ఇక్కడి కొండవాళ్ళ దేశియా రెండూ నేర్చింది కానీ తెలుగు యాస మాత్రం వదల్లేదు.

"తమ్ముడూ, నీ బోర్డు మీద 'పోయిన ఫైళ్ళు తిరిగి తీయబడును' అని రాసుందట. ఈ అమ్మి సదివి సెప్పింది. నిజమేనా, లేపోతే బోర్డు కోసం రాసేవా?"

"నిజమే అక్కా. ఏం పోయింది?"

"నువ్వు పోగొట్టిందే" అంది.

కూర్చోమన్నాను. కూర్చుని చెప్పింది. ఆసుపత్రిలో పదకొండేళ్ళపాటు తన చేతుల మీద పుట్టిన ప్రతి బిడ్డనీ ఆమె ఒక పుస్తకంలో రాసేది. తేదీ, వేళ, బరువు, తల్లి పేరు, ఊరు. ఆ తర్వాత ఒక్కొక్క వేలితో కంప్యూటర్లోకి ఎక్కించింది. మొత్తం నాలుగు వందల పన్నెండు వరసలు. పుస్తకాలను ఆ తర్వాత చెదలు తినేశాయి. కంప్యూటర్ ఉందిలే అని ధైర్యంగా ఉంది. ఒకసారి ఆమె పలాస దగ్గర చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు, మెషీను నెమ్మదిగా ఉందని ఆసుపత్రి గుమాస్తా నాకు కబురుపెట్టాడు.

ఆ రోజు నాకూ గుర్తుంది. "ఇందులో కావలసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను. "ఏముంటాయి, పాటలు" అన్నాడు గుమాస్తా. పెద్ద డిస్కు కొత్తది పెట్టి, పాతది తీసి నా సంచీలో వేసుకున్నాను. దారిలో లక్ష్మీపూర్ దగ్గర టీ కూడా తాగాను. ఏ బెంగా లేదు.

"నాకు ఇంతకుముందే చెప్పి ఉండాల్సింది అక్కా."

"తొమ్మిదేళ్ళుగా తెలుసు నాకు. పోయినదానికి నిన్నడిగి ఏటి సెయ్యను? నువ్వు ఎదురు పడితే నమస్కారం పెట్టేవోడివి. నేనూ పెట్టేదాన్ని. ఇప్పుడు ఈ అమ్మి కోసం వచ్చేను, లేపోతే రాను."

అమ్మాయి కవరు తెరిచి ఆధార్ కార్డు బల్ల మీద పెట్టింది. పుట్టిన తేదీ జనవరి ఒకటి.

ఈ జనవరి ఒకటి సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. కార్డులు తీసేవాళ్ళు ఊళ్ళకు వచ్చి, తేదీ తెలియదన్న ప్రతివాళ్ళకూ జనవరి ఒకటి వేసి పోయారు. సంవత్సరం కూడా మొహం చూసి వేశారు. ఈ అమ్మాయి ఊళ్ళో ఆ రోజున పుట్టినవాళ్ళు నలభై మూడు మంది, ముసలివాళ్ళూ పసివాళ్ళూ కలిపి. కాటా మీద నలభై మూడు లారీలు వరసగా ఒకే బరువు తూగితే, ఆ కాటా చెడిపోయిందని చూసేవాడెవడైనా చెబుతాడు. మనుషుల విషయంలో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. బడిలో మేస్టారు ఆ కార్డు చూసి అదే తేదీ ఎక్కించారు.

అమ్మాయికి నర్సు శిక్షణలో సీటు వచ్చేలా ఉంది. హాస్టల్ కూడా ఉచితం. డిసెంబరు ముప్ఫై ఒకటికి పదిహేడు నిండాలి అన్నది నిబంధన. కార్డు ప్రకారం ఆమెకు పదిహేడు నిండేది ఆ మర్నాడు, జనవరి ఒకటిన. ఒక్క రోజు తక్కువ. దరఖాస్తు దాఖలుకు ఇక పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

"వచ్చే ఏడు చేరకూడదా?" అన్నాను.

అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. తెలుగు మెల్లగా, వెతుక్కుంటూ మాట్లాడింది. "మా ఊరి అమ్మాయిలు ఏడుగురు తమిళనాడు మిల్లుకు పోతున్నారు మేస్టారూ. సీటు రాకపోతే ఎనిమిదోదాన్ని నేను. నాన్న మాట ఇచ్చేశాడు."

నర్సమ్మ ఆ పిల్ల వైపు చూడలేదు, నా వైపు చూసింది. "ఈ అమ్మి పుట్టింది నా చేతుల్లోనే. పెద్ద వాన రోజు. నెల ఏదో నాకు అంతుపట్టడం లేదు. నా జ్ఞాపకం కాగితం కాదు కదా. కాగితం నీ దగ్గరుంది."

నా దగ్గర ఉన్నది కాగితం కాదు, నోటుపుస్తకం. మూడో నంబరు పుస్తకంలో వెతికితే దొరికింది. ఆసుపత్రి డిస్కు, నూట అరవై గిగాబైట్ల సైజు, సీరియల్ నంబరులో చివరి ఐదు అంకెలు, కింద గీత. ఆ గీత తర్వాత అది ఎవరింటికి వెళ్ళిందో ఉంది. రాయగడ బజారులోనే టోకు కిరాణా వ్యాపారం చేసే విజయనగరం వాళ్ళ ఇల్లు. పిల్లల చదువుకని కట్టిన కంప్యూటర్‌లో రెండో డిస్కుగా పెట్టాను. వాళ్ళ పిల్లలు చదువులైపోయి వెళ్ళారు. కంప్యూటర్ మాత్రం ఉందో లేదో తెలియదు.

ఉంది. మేం ముగ్గురం వెళ్ళేసరికి ఆ ఇంటావిడ దాని ముందు కూర్చుని భజనలు పెట్టుకుని వింటోంది. ఆ భజనలు వస్తున్నది ఏ డిస్కు నుంచో నాకు తెలుసు. నా ప్రాణం సగం అక్కడే పోయింది. "అమ్మగారూ, ముందు దాన్ని ఆపండి" అన్నాను, నమస్కారం కూడా పెట్టకుండా.

సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఏటి మేస్టారూ, తొమ్మిదేళ్ళ కిందట మాకమ్మిన డిస్కు ఇప్పుడు తిరిగిమ్మంటారేటి? మా కొట్లో అమ్మిన బెల్లం మేం ఎప్పుడైనా ఎనక్కి అడిగేమా?"

"తిరిగి ఇస్తాను. నాలుగు రోజులు అరువు."

"అయినా ఈ పిల్ల పుట్టింది కదా, ఎదురుగా నిలబడుంది. ఏ రోజు పుడితే ఏటి?"

"మీ మనవడు ఏ రోజు పుట్టేడమ్మా?" అంది నర్సమ్మ.

"మార్గశిర పౌర్ణమి. గురువారం, ఎనిమిదీ పది."

"ఆ గురువారం తీసేసి జనవరి ఒకటి అంటే ఊరుకుంటావా?"

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత లేచి, తనే తీగ పీకేసింది. "మా అమ్మాయి పెళ్ళి వీడియో అందులోనే ఉంది. ఒక్క నిమిషం పోయినా మీ దుకాణం ముందు కూర్చుంటాను, సూడండి మరి." ఇప్పటికీ ఎదురైతే, "పుట్టినరోజు మేస్టారు" అనే పిలుస్తుంది.

ఫార్మాట్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. అది పుస్తకం కాల్చడం కాదు. ముందున్న విషయసూచిక చింపేయడం. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. కానీ అవి ఖాళీ పేజీలని కంప్యూటర్ అనుకుంటుంది కాబట్టి, కొత్తగా ఏది రాయాలన్నా వాటి మీదే రాస్తుంది. ఆ డిస్కులో వాడకానికి వచ్చేది నూట నలభై తొమ్మిది గిగాబైట్లు. వాళ్ళు నింపింది నూట ఇరవై ఒకటి. ముట్టనిది ఇరవై ఎనిమిది. అంటే నూటికి పందొమ్మిది పాళ్ళు ఆశ. ఇంకొంచెం ఎక్కువే అనుకున్నాను. నర్సమ్మ తన జాబితాని డిస్కు వెనక సగంలో, డి డ్రైవ్ అంటామే అందులో దాచేది, కొత్తవి సాధారణంగా ముందు నుంచి నింపుకుంటూ వస్తాయి. ఈ లెక్క ఆమెకు చెప్పాను.

"పాళ్ళు నాకెందుకు, ఉన్నాదా లేదా?" అంది.

ఊళ్ళో నాకంటే పెద్ద దుకాణాలు రెండున్నాయి. ఒకాయన చూడకుండానే, "ఒకసారి ఫార్మాట్ అయ్యాక దేవుడు కూడా తీయలేడు" అన్నాడు. రెండో ఆయన భువనేశ్వర్ పంపాలన్నాడు, వచ్చేసరికి నెలన్నర. ఇద్దరూ రోజూ ఫార్మాట్ కొట్టేవాళ్ళే. తాము రోజూ చేస్తున్నది ఏమిటో ఇద్దరికీ తెలియదు. పనిలో దిగిన పన్నెండేళ్ళదాకా నాకూ తెలియదు కనుక గట్టిగా ఏమీ అనలేకపోయాను.

ఆ పని కోసం ఒక మెషీను విడిగా కట్టాను. ఎప్పటిలాగే పాత బోర్డు, పాత ర్యామ్, గీతలు పడ్డ మానిటర్. కరెంటు పెట్టె మాత్రం ఉన్నవాటిలో మంచిది కొన్నాను, బ్యాటరీ పెట్టెలు రెండు తగిలించాను. డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కులోకి నకలు తీసుకోవడం మొదటి పని. రెండు వందల పన్నెండు చోట్ల చదవనని మొరాయించింది. పది గంటలు పట్టింది. ఇకమీదట ఏం చేసినా నకలు మీదే.

ఫొటోలయితే ప్రతి ఫైలుకూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది, ఆ ముఖం చూసి పోల్చుకునే సాఫ్ట్‌వేర్లున్నాయి. నర్సమ్మ జాబితా నోట్‌పాడ్‌లో కొట్టిన ఉత్త అక్షరాలు. దానికి ముఖం లేదు. డిస్కంతా వెతకడానికి ఒక మాట కావాలి, ప్రతి వరసలోనూ ఉండేది, ఆ ఇంటి పాటల్లో, సీరియళ్ళలో ఎక్కడా లేనిది. ఆమెకు ఫోన్ చేసి, ప్రతి బిడ్డకూ తప్పకుండా ఏం రాసేవారని అడిగాను.

"ఏడిచింది అని రాసేదాన్ని. ఇంగ్లీషు అక్షరాల్తో, అన్నీ పెద్దవి."

"అందరికీనా?"

"అందరికీ. ఏడవనోళ్ళు వేరే పుస్తకం తమ్ముడూ. అది నేను కంప్యూటర్లో ఎక్కించలేదు."

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ ఒక్క మాట ఇచ్చి వెతకమన్నాను. పదకొండున్నరకు మొదటి ముక్క దొరికింది. డిస్కు ఫైలును ముక్కలుగా దాస్తుంది. ఒక్కో ముక్కలో ఆమె వరసలు అరవై ఒకటి పడుతున్నాయి. నాలుగు వందల పన్నెండంటే ఏడు ముక్కలు ఉండాలి. గురువారం సాయంత్రానికి నాలుగు దొరికాయి. శుక్రవారం మధ్యాహ్నం భోజనంలోగా అయిదోది దొరికింది, జాబితా చివరిది, నలభై ఆరు వరసలే ఉన్న ముక్క. రెండు వందల తొంభై మంది బిడ్డలు, తెర మీద, ఒకరి కింద ఒకరు ఏడ్చారు. వాళ్ళలో ఈ అమ్మాయి లేదు.

అమ్మాయి, నర్సమ్మ దుకాణంలోనే కూర్చున్నారు. నర్సమ్మ తెర మీద వరసలు చదువుతూ ఒక్కొక్కరినీ పలకరిస్తోంది. "వీడా, వీడు అడ్డం తిరిగేడు. ఈ తల్లి కాకిరిగుమ్మ సంతకెల్తా దారిలో నొప్పులొచ్చి వచ్చింది." అమ్మాయి మాత్రం తెర వైపు చూడటం మానేసి తలుపు వైపు చూస్తోంది. నేను ఇంకా ముప్ఫై గిగాబైట్లు మిగిలాయని చెప్పాను. నిజానికి మిగిలింది పదకొండే. కాటా మీద ఇరవై ఆరేళ్ళలో అబద్ధం అంకె ఒక్కటీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

రెండుంపావుకి ఆరో ముక్క వచ్చింది. అందులో రెండు వందల మూడో వరస. ఆగస్టు ఇరవై రెండు. పగలు మూడున్నర. రెండు వేల నూరు గ్రాములు. తల్లి పేరు, ఊరు పేరు. ఏడిచింది.

కార్డు చెప్పిన రోజుకి నూట ముప్ఫై రెండు రోజుల ముందు. నోటితోనే లెక్కగట్టాను, తప్పు లేదు.

"రెండు కిలోలేనా నేను?" అంది అమ్మాయి.

"నూరు గ్రాములు మర్సిపోకు" అంది నర్సమ్మ. "మీ అమ్మ కట్టెల మోపు దింపి వచ్చింది ఆ రోజు."

ఏడో ముక్క దొరకలేదు. అరవై రెండో వరస నుంచి నూట ఇరవై రెండో వరస దాకా.

కథ ఇక్కడ ఆగాల్సింది. ఆగలేదు. కాగితం మీద అచ్చుతీసుకుని, నర్సమ్మ సంతకంతో, జనన ధ్రువపత్రం ఇచ్చే ఆఫీసుకు వెళ్ళాం. ఏ ఆఫీసో రాయను. దాఖలుకు ఇంకా ఆరు రోజులున్నాయి. బల్ల వెనకాయన కాగితాన్ని వేలితో నెట్టేశాడు. "కంప్యూటర్లో ఎవరైనా ఏదైనా కొట్టొచ్చు. ఇది రాత్రి మీరే కొట్టుకొచ్చారని నేనంటే?" అన్నాడు ఒడియాలో.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అదే నాకు మరీ ఒళ్ళుమండించింది. జనవరి ఒకటి కొట్టినవాణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మొహం చూసి కొట్టిన తేదీ రుజువు అక్కర్లేని నిజం. పక్కన కూర్చుని, త్రాసులో తూచి, గడియారం చూసి రాసింది అనుమానం. నేను గొంతు పెంచాను. ఆయనా పెంచాడు. నర్సమ్మ నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"బాబూ, నీది ఏ ఊరు?" అంది ఆయనతో, ఒడియాలోనే.

ఆయన చెప్పాడు. దసమంతపూర్ అవతల, ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు.

"పిల్లలు?"

"ఇద్దరమ్మాయిలు." కొంచెం ఆగాడు. "దిదీ, పెద్దది పుట్టింది మీ దగ్గరే. కొరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళబోతే దారి కొట్టుకుపోయింది."

"అయితే నోరు విప్పకు. దాని తేదీ నువ్వు సెప్పకు. నీ భార్య పేరొక్కటే సెప్పు."

ఆయన చెప్పాడు. నర్సమ్మ కాగితాలు తిరగేసి వేలితో కిందికి దిగింది. రెండు వందల ఎనభై ఎనిమిదో వరస. తేదీ చదివింది, వేళ చదివింది, రెండు వేల ఆరు వందల యాభై గ్రాములు చదివింది. ఆయన బల్ల సొరుగు లాగి, ఏదో వెతుకుతున్నట్టు నటించి, మూసేశాడు. పక్క బల్లాయన, "ఏం భాయి, కలిసిందా?" అని అడిగాడు. ఆయన కాగితం మీదికి వంగాడు. "ఏడిచిందని కూడా రాశారా?" అన్నాడు నర్సమ్మతో.

"గట్టిగా ఏడిచింది. నువ్వు బైట నిలబడి విన్నావు."

కాగితం తనవైపు లాక్కున్నాడు. మిగతా దారి పొడుగైనది, రాసినా మీకు పనికిరాదు. ఇంకా మూడు సంతకాలు, రెండు ఆఫీసులు. అన్నింటికీ ఆయనే వెంట వచ్చాడు. గడువుకు ఒక రోజు ముందు ధ్రువపత్రం చేతికొచ్చింది.

మంచి మనిషే. కానీ ఆ రోజు నుంచి నాకొక మాట మింగుడుపడలేదు. ఆ పిల్ల తేదీకి సాక్ష్యం ఆమె తల్లి కాలేదు, కాన్పు చేసిన చెయ్యి కాలేదు. ఒక ఉద్యోగి కూతురి తేదీతో సరిపోలితే తప్ప రెండు వందల మూడో వరస నిజం కాలేకపోయింది. ఆయన కూతురు ఆ పోయిన ముక్కలో ఉండి ఉంటే? ఏడింట ఒక వంతు అవకాశం. అప్పుడు ఈ అమ్మాయి మిల్లులో ఉండేది.

ఈ సంగతి ఊళ్ళలో పాకి తర్వాత ఇంకో ముగ్గురు వచ్చారు. ఇద్దరి వరసలు దొరికాయి. మూడో అబ్బాయిది తొంభయ్యో వరస దాటాక ఎక్కడో ఉండేదని నర్సమ్మ జ్ఞాపకం. అది లేదు. అతనికి ఏం చెప్పాలో తెలియక కంప్యూటర్ మీద నెట్టేశాను, డిస్కు పాడయిందని. డిస్కు పాడవలేదు. ఆ అరవై ఒక్కమందినీ చెరిపింది నేను, నలభై నిమిషాల్లో, ఒక గుమాస్తా "పాటలు" అన్న మాట మీద. ఆ గుమాస్తా మీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసింది పాటలే. జాబితా కొట్టినామె ఎవరో కనుక్కుని, ఆమె పెళ్ళి నుంచి వచ్చేదాకా నాలుగు రోజులు ఆగాల్సింది నేను.

అందుకే చెబుతున్నాను. మెషీను తెచ్చినవాణ్ణి అడగడం చాలదు. దాని ముందు కూర్చునేది ఎవరో అడగండి, వాళ్ళు వచ్చేదాకా స్క్రూ విప్పకండి. గిరాకీ పక్క దుకాణానికి పోతే పోనివ్వండి. నాకు అలా చాలా పోయాయి.

అమ్మాయి కొరాపుట్‌లో హాస్టల్లో చేరింది. ఆ ఏడు జనవరి ఒకటిన పొద్దున్నే ఫోన్ చేసింది. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పడానికనుకున్నాను. హాస్టల్లో నలభై మంది ఉంటే పద్నాలుగు మందికి ఆ రోజే పుట్టినరోజట. వార్డెన్ ఒకే కేకు తెప్పించి, పద్నాలుగు మందినీ వరసగా నిలబెట్టి, ఒకే కత్తి పట్టించిందట.

"నువ్వెక్కడ నిలబడ్డావు అమ్మీ?" అన్నాను.

"ఎదుటి వరసలో మేస్టారూ" అంది. "చప్పట్లు కొట్టేవాళ్ళలో."